గుడిగంటలు విన్న పనస

కటవారియా సరాయ్‌లో మా పక్క గదిలో ఉండే గుంటూరు మిత్రుడు చెల్లెలికి బొబ్బిలి వీణ కొనబోతూ నన్ను సలహా అడిగాడు. గుడిగంటలు విన్న పనసచెట్టు కర్రకు నాదం ఎక్కువట, అందుకని ధర కూడా ఎక్కువట! చిన్నప్పుడు నేనూ ఈ ముక్క నమ్మినవాణ్ణే.

అసలు పనసే ఎందుకు? గొల్లపల్లిలో ఏకాండి వీణను ఒకే దుంగ తొలిచి చేస్తారు. అంత లావు పనస దుంగ మన దగ్గర దొరుకుతుంది, ఉలికి లొంగుతుంది, చెదకు తొందరగా లొంగదు. స్పెయిన్‌లో ఫ్లమెంకో గిటార్లకు సైప్రస్ కర్ర వాడిందీ ఇలాగే. దగ్గర్లో చవగ్గా దొరికేది అది. రోజ్‌వుడ్ అయితే సముద్రాలు దాటి రావాలి.

ఆ దేశపు టోరెస్ 1862లో పక్కలూ వీపూ కాగితపు గుజ్జుతో, పైపలక మాత్రం కర్రతో గిటార్ చేశాడు. నాదానికి ముఖ్యం పైపలకేనని చూపడానికి! 2018లో అచ్చయిన ఒక బ్రిటిష్ పరిశోధనలో వీపు, పక్కల కర్ర మాత్రమే వేరైన 6 గిటార్లను 52 మంది కర్ర కనబడకుండా వాయించారు. చవక కర్రకీ ఖరీదు కర్రకీ దాదాపు ఒకే మార్కులు వేశారు.

అలాగని కర్రతో పనే లేదనను. పచ్చి కర్ర బీటలు వారుతుంది. వీణలో అసలు గమ్మత్తు గుర్రం దగ్గరుంది. దాని వంపు మీద తీగ తగలడం వల్లే ఆ ప్రత్యేక నాదమని సి.వి. రామన్ 1921లోనే రాశారు. 24 మెట్లు గాయత్రి అక్షరాలని కొందరంటారు. స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలు, అంతే.

"ఏ గుడి చెట్టని కాదు, దుంగ ఎన్నాళ్ళు ఆరబెట్టారో అడుగు" అన్నాను. ఫోన్లో అడిగాడు. అమ్మేవాయన మళ్ళీ గుడి పేరే చెప్పాడు.