ధమని గోడలోని మంట

తొలకరి గడచిన పిమ్మట తల్లాడ కూడలి దాటి కొత్తగూడెము దారి పట్టినవారికి కంచెలమీద ప్రాకిన యొక తీగ కనబడును. దాని పూవు పసుపును ఎఱుపును కలసిన జ్వాలవలె పైకి లేచియుండును. మేము బండి దిగి కోయబోగా, పశువులను తోలుకొని పోవుచున్న ముసలాయన యొకడు "దాన్ని పట్టుకోమాకండయ్యా, అడవినాభి అది. దుంప తింటే పానం దక్కదు" అని వారించెను. ఆయన మాట నిజము. అయినను ఆ విషమే యిటీవల గుండెజబ్బు చరిత్రలో చోటు సంపాదించినది. అది యెట్లో శ్రోతలకు విన్నవింతుము.

ధమని గోడ వట్టి గొట్టము కాదు, జీవముగల కణజాలము. దానిలో క్రొవ్వు పేరుకొని గట్టిపడు రోగమునకు 1904లో మార్షాండ్ అను జర్మను వైద్యుడు గ్రీకు భాషలోని అంబలి, కాఠిన్యము అను మాటలను జోడించి పేరు పెట్టెను. అప్పటికే వివాదము పాతది. రక్తములోని పదార్థము గోడపై పేరుకొనుటయే మూలమని వియన్నాలో రోకిటాన్‌స్కీ వాదించెను. కాదు, గోడయే ముందు శోథ పొందుచున్నదని 1850ల నాటి విర్కోవ్ పట్టు. శోథయనగా దెబ్బతిన్న వ్రేలికి వచ్చు ఎఱ్ఱదనము, వేడి, వాపు, నొప్పి. లోపలి ధమనికి వచ్చినచో మనకు తెలియదు. అదియే చిక్కు.

1913లో రష్యాలో అనిచ్‌కోవ్ కుందేళ్లకు కొలెస్టరాల్ మేపి ఈ రోగమును కలిగించెను. దానితో క్రొవ్వు వాదమే చాలకాలము నెగ్గినది. అయితే ఆయన చూచిన గోడలలో తెల్లకణములును ఉండెను. వానిని పట్టించుకొన్నవారు తక్కువ. 1999లో అమెరికా శాస్త్రజ్ఞుడు రస్సెల్ రాస్ ఇది శోథరోగమేయని స్పష్టముగా వ్రాసెను.

జరుగునది యిది. కొలెస్టరాల్ రేణువులు గోడలో చొచ్చి చెడును. లోపొర కణములు అంటుకొను స్వభావము పొంది, ప్రవహించు తెల్లకణములను పట్టి నిలుపును. అవి లోనికి దూరి క్రొవ్వును మ్రింగి మ్రింగి నురుగు కణములగును. చచ్చుచు మఱికొన్నింటిని పిలుచును. నడిమి పొరలోని కండరకణములు వచ్చి పైన నారకప్పు అల్లును. తెల్లకణములు విడుచు రసములు ఆ కప్పునే కొఱికి పలుచన చేయును. అది చిట్లిన చోట నెత్తురు గడ్డకట్టును, గుండెపోటు వచ్చును.

ఇది పట్నవాసుల జబ్బని తలంచువారు కలరు. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 పల్లెలలో 2003-04లో మరణములను లెక్కించగా, నూటికి 32 గుండె, రక్తనాళముల రోగములవే.

మరి మంటను ఆర్పినచో? 2017లో కొలెస్టరాలును తగ్గింపక శోథను మాత్రమే అణచు మందొకటి పదివేలకు పైబడిన రోగులలో గుండెపోటు, పక్షవాతము, గుండెజబ్బు మరణములను 15 శాతము తగ్గించినది; ప్రాణాంతకమగు అంటురోగములు మాత్రము కొంత హెచ్చినవి. మెతోట్రెక్సేట్ అను మందును గూడ 4,786 మందిపై పరీక్షించిరి. భీమవరములో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో సాగిన కృషి ఫలమది. 1948లో ఆయనను బలిగొన్నది గుండెపోటే. ఆ మందు ఇక్కడ పనిచేయలేదు. ఫలితము చదివినప్పుడు తెలుగువారముగా మాకు కొంత చిన్నబోయినట్లనిపించిన మాట దాచనేల?

పనిచేసినది కోల్చిసీన్. అడవినాభి దుంపలో, గింజలలో నున్న విషమదియే. వాతరక్తమునకు పూర్వమునుండి వాడుకలో నున్నది. 2020లో 5,522 మందికి దినమునకు అర మిల్లీగ్రాము, లేదా ఉత్తుత్తి మాత్ర, ఇచ్చి చూడగా ప్రమాదములు 31 శాతము తగ్గినవి. 2023లో అమెరికా అనుమతించినది. మరుసటి సంవత్సరము, అప్పుడే గుండెపోటు వచ్చిన 7,062 మందిపై జరిపిన పరీక్షలో మేలు కనబడలేదు. కనుక కొలెస్టరాలును తగ్గించు మాత్రలకు ఇది బదులు కాదు; వైద్యుని చేతిలోని అర మిల్లీగ్రామునకును కంచెమీది దుంపకును పోలిక అంతకన్న లేదు.

ఆనాడు మేము పూవును కోయక బండి యెక్కితిమి.