ఖోజీ చదివిన నిషానీలు

ఎల్క్ అంటే ఏ జంతువు? అమెరికా మనిషి వాపిటీ అనే పెద్ద జింకని చూపిస్తాడు. యూరప్‌లో అదే మాట మూస్‌ది. పందొమ్మిదో శతాబ్దంలో సిలోన్‌లో ఉన్న ఇంగ్లీషు దొరలైతే మన కణితికే ఆ పేరు తగిలించారు. నువరా ఎలియా కొండల్లో ఏళ్ల తరబడి వేటాడిన శామ్యూల్ బేకర్ షికారు కితాబుల్లో కనిపించే ఎల్క్ ఇదే, దక్కన్‌లో మనం సాంబర్ అనేది. పేర్లు ఎన్ని ఉన్నా వాటి జాడ పట్టే ఇల్మ్ దాదాపు ఒకటే. ఆ ఇల్మ్ మాత్రం చాలాసార్లు బందూక్ పట్టిన సాహెబ్‌ది కాదు, ఆయన ముందు నడిచినవాడిది.

ఉర్దూలో ఆ మనిషి ఖోజీ. పంజాబ్, సింధ్‌లలో పశువుల దొంగల్ని అడుగుజాడ పట్టుకుని వెతికేవాడూ ఖోజీయే. అక్కడి పాత దస్తూర్‌ని ఇంగ్లీషువాళ్లు 1872 పంజాబ్ చట్టంలో కూడా ఎక్కించారు. అడుగులు ఏ ఊరి దగ్గరికి వచ్చి ఆగితే ఆ ఊరివాళ్లు జవాబు చెప్పుకోవాలి. మొఘల్ దర్బారులో షికారుకి ముందే వెళ్లి జంతువుల ఖబర్ తెచ్చేవాళ్లు ఖరావుల్‌లు.

కణితి ఎక్కువగా రాత్రి మేస్తుంది. తెల్లారేసరికి దట్టంలోకి దూరిపోతుంది. అందుకని ఖోజీ పని పొద్దున్నే మొదలు. గిట్ట గుర్తు అంచులు పదునుగా ఉంటే తాజాది. అంచులు రాలిపోయి, లోపల సాలెపోగు పడితే పాతది. గిట్టలు విడివడి మట్టి వెనక్కి ఎగిరి ఉంటే బెదిరి పరిగెత్తింది. పెంటికల తడి ఎంతసేపైందో చెబుతుంది. ఎదకాలంలో మగ కణితి బురదగుంటలో పొర్లి, లేచి దగ్గరి చెట్టుకి ఒళ్లు రుద్దుకుంటుంది. మాను మీద బురద ఎంత ఎత్తులో అంటిందో చూస్తే జంతువు ఎత్తు తెలుస్తుంది, ఆ బురద ఎంత ఆరిందో చూస్తే వేళ తెలుస్తుంది. కొమ్ములు రాసిన బెరడు వేరే గవాహీ. అమెరికాలో వాపిటీ వెంట పోయేవాళ్లు చూసేవీ ఇవే, గుంట, బెరడు, పెంటికలు.

అసల్ సంగతి ఏంటంటే, ఒక్క గవాహీ మీద ఫైసలా ఉండదు. అడుగు ఒకటి చెబితే పెంటిక ఇంకోటి చెప్పొచ్చు. గాలి ఎటు వీస్తోంది, నీళ్లు ఎక్కడ మిగిలాయి, ఇప్పుడు ఏ చెట్టు కాయలు రాలుతున్నాయి, ఇవన్నీ కలుపుకుంటేనే మతలబ్ తేలుతుంది. ఉస్తాద్ అనిపించుకునేది ఆ కలపడంలోనే.

తారీఖ్‌లో ఈ ఉస్తాద్‌కి దక్కింది తక్కువ. జహంగీర్ పాదుషా తన యాభయ్యో ఏట షికారు హిసాబ్ మొత్తం తీయించాడు. తన ముందు వేటాడినవి 28,532 ప్రాణులు, అందులో స్వయంగా చంపినవి 17,167 అని తన తుజుక్‌లో రాసుకున్నాడు. పావురాలు సహా లెక్క ఉంది. ఆ వేల జంతువుల దగ్గరికి దారి చూపిన కళ్లెవరివో ఆ లెక్కలో లేదు.

షికారు జమానా పోయి 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. ఈసారి సర్కారుకే అడుగుజాడ కావాల్సొచ్చింది. ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధరి రూపొందించిన పద్ధతిలో పులి పాదముద్రని గాజుపలక మీద గీసి, కాగితానికెక్కించి, ఒక్కో పులినీ గుర్తుపట్టాలి. 1972లో అలా తేల్చిన లెక్క 1827. ఆలోచన మంచిదే, చౌధరి అడవి తెలిసిన మనిషే. కానీ నేలనుంచి ఒక్క అడుగుని కోసి ఆఫీసుకి తెచ్చాక మిగతా గవాహీలన్నీ అడవిలోనే ఉండిపోయాయి. రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితాల మీద పులులు ఉంటూనే వచ్చాయి. 2005లో చూస్తే ఒక్కటీ లేదు. చంపింది వేటదొంగలు, నిజమే. ఆ ఖబర్ అంత ఆలస్యంగా అందడానికి మాత్రం ఆ కాగితాలకీ జిమ్మేదారీ ఉంది.

ఆ తర్వాత కెమెరాలు వచ్చాయి. 2006 లెక్కలో పులులు 1411కి దిగాయి. అయినా దేశమంతటి పులుల లెక్కలో మొదటి దశ ఇప్పటికీ కాలినడకే. బీటు బీటూ తిరిగి పాదముద్ర, పెంట, చెట్టు మీద గోళ్ల గీత, కణితి, దుప్పి జాడలు అన్నీ కలిపి నమోదు చేస్తారు. కెన్నెత్ ఆండర్సన్ రాసిన దిగువమెట్ట వేట కథల్లో చెంచులు కనిపిస్తారు. అదే నల్లమలలో ఇవాళ అటవీశాఖ బేస్ క్యాంపుల్లో కాపలా తిరిగేవాళ్లలో వాళ్ల ఔలాద్ ఉన్నారు.