మెదెస్ దీవులు: ఋతువుల వారీగా స్కూబా డైవింగ్

మెదెస్ దీవులు స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతంలో, కోస్తా బ్రావా తీరాన, లెస్తార్తిత్ ఊరికి ఎదురుగా ఉన్న ఏడు చిన్న దీవులు. ఒడ్డు నుంచి దూరం సుమారు ఒక కిలోమీటరు. మోంత్‌గ్రీ సున్నపురాతి కొండలకు ఇవి సముద్రంలోని కొనసాగింపు. అన్నీ కలిపినా పాతిక హెక్టార్ల నేల ఉండదు. వీటికి పేరు తెచ్చినవి నీటి అడుగున ఉన్న గుహలు, సొరంగాలు, ఎర్ర పగడం, పెద్ద గ్రూపర్ చేపలు.

రక్షణ ఏ ఏడాది మొదలైందన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. దీవుల చుట్టూ చేపల వేటను, పగడం తీయడాన్ని కాటలోనియా ప్రభుత్వం నిషేధించింది 1983లో. ప్రత్యేక చట్టం వచ్చింది 1990లో. మోంత్‌గ్రీ కొండలతో కలిపి సహజ ఉద్యానవనంగా ప్రకటించింది 2010లో. జీవరాశి కోలుకున్న తీరును లెక్కగట్టేవారు 1983నే తీసుకోవడం సబబు. వేట ఆగింది అప్పుడే.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో నీరు 12, 13 డిగ్రీల సెల్సియస్‌కు దిగుతుంది. ఉత్తరపు గాలి ‘త్రాముంతానా’ వీచే రోజుల్లో పడవలు కదలవు. చలికాలం చివర నుంచి వసంతం దాకా ప్లవకాలు పెరిగి నీరు పచ్చబడుతుంది, చూపు దగ్గరలోనే ఆగిపోతుంది. అయితే నీటిని వడగట్టి బతికే జీవులకు అదే పుష్కలమైన కాలం. ఊదా ఎరుపు విసనకర్రల్లాంటి, పగడం కోవకు చెందిన గోర్గోనియన్లు అప్పుడే నిండుగా విచ్చుకుంటాయి. జూన్ ప్రాంతంలో సంతానోత్పత్తి జరుపుతాయి.

వేసవిలో పైనీరు 22 డిగ్రీలు దాటుతుంది. వెచ్చని పొర చల్లని పొర మీద మూతలా నిలవడంతో అడుగునుంచి పోషకాలు పైకి రావు. యాత్రికులు కిక్కిరిసే ఆ నెలల్లోనే గోర్గోనియన్లు ఆహారం చాలక ముడుచుకుంటాయి. మధ్యధరా సముద్రపు అడుగున కరువుకాలం చలికాలం కాదు, వేసవి చివర. ఇక్కడి గోర్గోనియన్లపై సాగిన పరిశోధనల్లో అన్నిటికన్నా విలువైన ఫలితం బహుశా ఇదే. 1999, 2003 వేసవుల్లో అధిక వేడికి వాయవ్య మధ్యధరాలో, ముఖ్యంగా ఫ్రాన్స్‌లోని ప్రోవెన్స్, ఇటలీలోని లిగూరియా తీరాల్లో, గోర్గోనియన్లు పెద్ద ఎత్తున చనిపోయాయి. ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లు పెరిగే జీవికి ఆ నష్టం పూడాలంటే దశాబ్దాలు కావాలి.

శరదృతువులో వెచ్చదనం లోతుకు దిగుతుంది. బరకుడా చేపల గుంపులు కనిపిస్తాయి. తూర్పు తుఫానులు వచ్చినప్పుడు మాత్రం దగ్గరలోనే సముద్రంలో కలిసే తేర్ నది బురద నీటిని కమ్మేస్తుంది.

ఎర్ర పగడం వెలుతురు సోకని గుహల కప్పులకు, తక్కువ లోతులోనూ, అంటిపెట్టుకుని ఉంటుంది.

డైవర్ల వల్ల కలిగే నష్టం చిన్నది కాదు. పెళుసైన పెంతపోరా అనే బ్రయోజోవాన్ (గుంపుగా పెరిగే చిన్న సముద్రజీవి), రద్దీ ఉన్న చోట్ల తక్కువగా కనిపిస్తుందని 1996లో సాలా, గరాబూ, జబాలా ప్రచురించిన అధ్యయనం చూపింది.

తేటనీటిలో చేపలు చూడాలనుకునేవారికి సెప్టెంబరు చివర, అక్టోబరు అనుకూలం. విచ్చుకున్న గోర్గోనియన్ల కోసం వచ్చేవారు మందపాటి సూట్‌తో వసంతంలో దిగాలి. గోడలకు కాళ్లు, చేతులు తగలనివ్వకూడదు.