జవాబును సరిచూచుకొనే విద్య

విద్యుత్ వలయాల లెక్క ముగియగానే విద్యార్థి పుస్తకం చివరి పుటలు తిప్పుతాడు. జవాబు అక్కడ లేకుంటే ఏమి చేయాలి?

జర్మనీలో పాఠశాల ఉపాధ్యాయుడైన జార్జ్ ఓమ్ విద్యుత్ ప్రవాహానికి, వోల్టేజికి, నిరోధానికి గల సంబంధాన్ని 1827లో గ్రంథస్థం చేశాడు. 1824లో జన్మించిన గుస్తావ్ కిర్కాఫ్, కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఇంకా విద్యార్థిగా ఉండగానే, 1845లో దానిని అనేక శాఖలు గల వలయాలకు విస్తరించాడు. ఆయన నియమాలు రెండు. సంధికి వచ్చే ప్రవాహమెంతో, వెడలే ప్రవాహమంతే. వలయాన్ని ఒకమారు చుట్టివస్తే వోల్టేజి హెచ్చుతగ్గుల మొత్తం సున్న.

12 వోల్టుల బ్యాటరీకి 2, 4 ఓముల నిరోధాలను శ్రేణిలో కలిపామనుకుందాం. ఒక విద్యార్థి 2 ఓములను మరచి, ప్రవాహం 3 ఆంపియర్లని వ్రాశాడు. అప్పుడు నిరోధాలపై 6, 12 వోల్టులు; మొత్తం 18. బ్యాటరీ ఇచ్చేది 12 మాత్రమే గనుక తప్పు తానే బయటపడింది. సరియైన 2 ఆంపియర్లకు 4, 8 కలిసి 12 అవుతాయి. సామర్థ్యమూ సరిపోతుంది: బ్యాటరీ ఇచ్చినది 24 వాట్లు, నిరోధాలు గ్రహించినవి 8, 16.

కనుక, "సరేనా మాస్టారూ?" అని పిల్లలు అడిగినప్పుడు అవుననో కాదనో వెంటనే చెప్పకండి. "వలయం చుట్టివచ్చి కూడి చూడు, నాయనా" అనండి. ఒక విద్యార్థి రూపొందించిన ఈ కొలబద్ద విద్యార్థుల చేతిలోనే ఉండడం న్యాయం.