మోరీ గొట్టంలోకి చూపు: ఎండోస్కోప్ కెమెరా పుట్టుపూర్వోత్తరాలు

ఇంటి మురుగు గొట్టం లోపల ఏముందో నేల పగలగొట్టకుండా చూపించే చిన్న కెమెరాను వాడుకలో ఎండోస్కోప్ కెమెరా అంటారు. 5.5 నుంచి 8 మిల్లీమీటర్ల మందం ఉన్న లోహపు తల, దాని కొసన కటకం, చుట్టూ ఆరో ఎనిమిదో ఎల్‌ఈడీ దీపాలు, వెనక 5 లేదా 10 మీటర్ల బిరుసు తీగ, చివర ఫోనుకు తగిలించే పిన్ను: దీని నిర్మాణం ఇంతే. ధర వెయ్యి రూపాయలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. హైదరాబాద్ ఉత్తర శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేట లాంటి చోట్ల పొలాలు వెంచర్లయి, వెంచర్లు కాలనీలయ్యాయి. ఇంటి కింద గొట్టం ఎటు నుంచి ఎటు పోయిందో చాలాసార్లు కట్టిన మేస్త్రీకి తప్ప ఇంకెవరికీ తెలియదు. అలాంటి ఇళ్లకు ఈ కెమెరా ఆలస్యంగా అందిన నక్షా లాంటిది.

ఈ పరికరం పుట్టింది మురుగు కోసం కాదు, మనిషి శరీరం కోసం. 1806లో ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యుడు ఫిలిప్ బొజ్జీని ఒక గొట్టానికి కొవ్వొత్తిని, అద్దాన్ని జోడించి శరీర కుహరాల్లోకి వెలుగు పంపే సాధనం తయారుచేశాడు. 1853లో ఫ్రాన్స్‌లో ఆంటోనిన్ జాన్ దెసోర్మో కొవ్వొత్తి స్థానంలో స్పిరిట్ దీపం పెట్టాడు, ఎండోస్కోప్ అన్న పేరును వాడుకలోకి తెచ్చాడు. 1868లో జర్మనీలో ఆడాల్ఫ్ కుస్‌మాల్ జీర్ణాశయంలోకి చూడాలనుకున్నప్పుడు, వంగని గొట్టాన్ని భరించగల మనిషి కావలసి వచ్చింది. అందుకు కత్తులు మింగే గారడీవాడిని పిలిపించాడు. వెలుగు తిన్నగానే పోతుంది, శరీరంలోని దారి వంకరలు తిరుగుతుంది. తర్వాతి తొంభై ఏళ్ల ప్రయత్నమంతా ఈ చిక్కు విప్పడానికే సరిపోయింది.

ఈలోగా గొట్టంలోకి చూసే పని యంత్రాలకూ అవసరమైంది. 1921లో అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చెందిన జార్జ్ క్రాంప్టన్ టర్బైన్ రోటర్ల లోపలి లోపాలు చూడటానికి కటకాలు అమర్చిన పొడవైన గొట్టం చేశాడు. బోరోస్కోప్‌గా పేరుపడిన ఆ సాధనం కూడా వంగదు. వంగే దారి 1954లో తెరుచుకుంది. పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, ఆయన గురువు హెరాల్డ్ హాప్కిన్స్ లండన్ ఇంపీరియల్ కాలేజీలో వేల గాజు పోగుల కట్ట గుండా బొమ్మను పంపవచ్చని నిరూపించి నేచర్ పత్రికలో ప్రకటించారు. పోగు మరీ పదునుగా మడత పడనంతవరకు, వంగినా లోపలి వెలుగు దాని గోడలకు తగిలి తిరిగి లోపలికే మళ్లుతుంది కాబట్టి బొమ్మ రెండో కొసకు చేరుతుంది. ఈ సూత్రంతోనే 1957లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో బేసిల్ హిర్షోవిట్జ్ వంగే ఎండోస్కోప్ చేసి, మొదట తన గొంతులోకే దించుకున్నాడు.

మురుగు గొట్టాలకు అప్పటిదాకా వేరే పద్ధతులుండేవి. రెండు మ్యాన్‌హోళ్ల మధ్య వేసిన గొట్టం తిన్నగా ఉందో లేదో తేల్చడానికి ఒక కొసన దీపం, రెండో కొసన అద్దం పెట్టేవారు. అద్దంలో వెలుగు నిండు గుండ్రంగా కనిపిస్తే గొట్టం సరిగ్గా ఉన్నట్టు, ఒక పక్క తరిగితే వంగినట్టు. గొట్టం లోపలి వ్యాసం కన్నా కాస్త చిన్న బంతిని పైనుంచి వదిలి, కిందికి దొర్లుతుందో లేదో చూడటం మరో పరీక్ష. దీపం, అద్దం, బంతి నేటికీ సివిల్ ఇంజినీరింగ్ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. అయితే అవి కొత్త లైనును ఒప్పుకునే ముందు చేసే పరీక్షలు. వాడుకలో ఉన్న గొట్టం ఎక్కడ, ఎందుకు పూడిందో అవి చెప్పలేవు.

పూడిక తీయడం మరో దారిలో ఎదిగింది. అమెరికాలోని డెమోయిన్ నగరంలో శామ్యూల్ బ్లాంక్ బట్టలుతికే యంత్రం మోటారు, స్కేట్ల చక్రాలు, ఉక్కు తీగ కలిపి, గొట్టంలో తిరుగుతూ చెట్ల వేళ్లను కోసే యంత్రం చేశాడు. 1930లలో అది రోటో రూటర్ పేరుతో వ్యాపారమైంది. నేడు ప్లంబర్లు తెచ్చే స్ప్రింగ్ మెషిన్ ఆ వంశానిదే. అది అడ్డును ఛేదిస్తుంది కానీ, ఆ అడ్డు ఏమిటో చూపించదు.

చూడటం కోసం టీవీ కెమెరాను గొట్టంలోకి దించడం 1950ల చివర్లో యూరప్‌లో మొదలైంది. తొలి కెమెరాలు బరువైనవి, పెద్ద గొట్టాల్లోనే పట్టేవి, లారీ నిండా సరంజామా కోరేవి. 1980లో బ్రిటన్‌లోని వాటర్ రీసెర్చ్ సెంటర్ మురుగు గొట్టాల్లో కనిపించే లోపాలను వర్గీకరించే నియమావళి ప్రచురించింది. పగులు, కీలు జారడం, వేరు చొరబడటం లాంటి ప్రతి లోపానికీ ఒక సంకేతం ఏర్పడింది. దానితో దృశ్యం వృత్తి నిపుణుల నివేదికగా మారింది.

ఖరీదు తగ్గించిన మలుపులు మురుగు రంగంలో రాలేదు. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టిన సీసీడీ వెలుగును విద్యుత్ సంకేతంగా మార్చింది. దానికి 2009లో నోబెల్ బహుమతి దక్కింది. 1983లో వెల్చ్ అలిన్ కంపెనీ గాజు పోగుల కట్టకు బదులు సీసీడీ చిప్పును ఎండోస్కోప్ కొసనే పెట్టింది. 1990ల మొదట్లో నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో ఎరిక్ ఫోసమ్ బృందం అభివృద్ధి చేసిన సీమాస్ సెన్సర్ ఇంకా చిన్నది, తక్కువ కరెంటుతో పనిచేసేది. సెల్‌ఫోన్ల కోసం ఈ చిప్పులు కోట్ల సంఖ్యలో తయారవడంతో ధర పడిపోయింది. 2001లో వచ్చిన ఓటీజీ ప్రమాణం వల్ల కంప్యూటర్‌తో పని లేకుండా ఫోనుకే యూఎస్‌బీ పరికరాలు తగిలించే వీలు కలిగింది. తెర, బ్యాటరీ, రికార్డింగ్ అన్నీ ఫోనులోనే ఉన్నాయి కాబట్టి కొనవలసింది తల, తీగ మాత్రమే అయ్యాయి.

హైదరాబాద్‌లో భూగర్భ మురుగు వ్యవస్థ కథ 1908 సెప్టెంబర్ మూసీ వరదతో ముడిపడి ఉంది. ఆ విపత్తు తర్వాత నిజాం ప్రభుత్వం 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించింది. వరద నివారణకు జలాశయాలతో పాటు నగరానికి మురుగునీటి పథకాన్ని కూడా ఆయన రూపొందించారు. 1989లో ఏర్పడిన నగర నీటి, మురుగు బోర్డు అయిన జలమండలికి ఆ వ్యవస్థ వారసత్వంగా వచ్చింది. దాని నిర్వహణ మాత్రం చాలాకాలం వెదురు బద్దలతో, మ్యాన్‌హోల్‌లోకి దిగే మనుషులతోనే సాగింది. ఎక్కడ అడ్డుపడిందో పైనుంచి తెలియదు కాబట్టి మనిషిని దించేవారు. హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ నిండిన ఆ గుంతల్లో ఎందరో చనిపోయారు.

ఈ పద్ధతిపై పోరాటానికి తెలుగు మూలాలు ఉన్నాయి. కోలార్ బంగారు గనుల తెలుగు పారిశుద్ధ్య కార్మిక కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ సఫాయి కర్మచారీ ఆందోళన్ వ్యవస్థాపకుల్లో ఒకరు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది. 1993 నాటి చట్టం కన్నా విస్తృతమైన 2013 చట్టం, రక్షణ సాధనాలు లేకుండా మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషులను దించడాన్ని నిషేధించింది. మృతుల కుటుంబాలకు 10 లక్షల రూపాయల పరిహారమివ్వాలని 2014లో ఆదేశించిన సుప్రీంకోర్టు, 2023లో దాన్ని 30 లక్షలకు పెంచింది. జలమండలి 2017లో, ఒత్తిడితో నీళ్లు చిమ్మి పూడిక తీసే, ఇరుకు సందుల్లోకి వెళ్లే చిన్న జెట్టింగ్ యంత్రాలను రంగంలోకి దించింది. మనిషి దిగకూడదన్నాక, మనిషికి బదులు చూసే కన్ను అవసరమైంది.

గొట్టంలోకి కెమెరా దించడాన్ని తెలంగాణ జనం ఎక్కువగా చూసింది బోరుబావుల దగ్గర. 2017 జూన్‌లో చేవెళ్ల మండలం ఇక్కారెడ్డిగూడలో బోరుబావిలో పడిన పసిపాపను వెతకడానికి కెమెరాలు దించినప్పుడు ఆ దృశ్యాలు ఇంటింటి టీవీల్లోకి వచ్చాయి. మురుగు గొట్టానికి వాడే చవక కెమెరా పనితీరు కూడా అదే, లోతు మాత్రం తక్కువ.

మొదట చెప్పుకున్న ఉత్తర శివార్లకు వస్తే, మేడ్చల్ నాగ్‌పూర్ రహదారి మీద, శామీర్‌పేట కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద ఉన్నాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు రెండింటినీ తాకుతుంది. 2016 అక్టోబర్ 11న ఏర్పడిన మేడ్చల్ మల్కాజ్‌గిరి జిల్లాలో ఇవి భాగం. జీనోమ్ వ్యాలీ బయోటెక్ కేంద్రం, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం లాంటివి, రింగ్ రోడ్డు వచ్చాక ఇళ్ల నిర్మాణం ఊపందుకుంది. వీధిలోకి మురుగు లైను రాని చోట ఇంటి ముంగిట్లో సెప్టిక్ ట్యాంకే దిక్కు.

ఇక్కడి నేల కూడా గొట్టాలకు పరీక్షే. పల్లంగా ఉన్న ప్లాటును మొరంతో నింపి, అది కుదురుకోకముందే గొట్టం వేస్తే, తర్వాత నేల దిగినప్పుడు గొట్టం మధ్యలో కుంగి బొజ్జ పడుతుంది. గ్రానైట్ రాయి తగిలిన చోట కందకం లోతు తగ్గించేస్తే వాలు చాలదు. పాత లెక్క ప్రకారం 4 అంగుళాల గొట్టానికి 40 అడుగులకు ఒక అడుగు, 6 అంగుళాల గొట్టానికి 60 అడుగులకు ఒక అడుగు వాలు ఉండాలి. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న 200 గజాల ప్లాటులో వెనక మరుగుదొడ్డి నుంచి ముందు ఛాంబర్ దాకా 4 అంగుళాల గొట్టం వేస్తే సుమారు అడుగున్నర వాలు కావాలి. అది దొరక్కపోతే నీళ్లు ముందుకు పోయి, మలం వెనక నిలుస్తుంది.

కెమెరా పంపడానికి మరుగుదొడ్డి బేసిన్ అనువైన దారి కాదు. దాని అడుగున నీళ్లు నిలిచే ట్రాప్ మలుపుల్లో తీగ ఇరుక్కుంటుంది. బయటి ఛాంబర్ మూత తెరిచి, ముందుగా రెండు బకెట్ల నీళ్లు పోయించి, అక్కడి నుంచి ఇంటివైపు తోయాలి. తీగ మెత్తబడి మడత పడుతుంటే, కరెంటు పనివాళ్లు గోడ పైపుల్లో వైరు లాగడానికి వాడే స్ప్రింగు తీగకు దాన్ని టేపుతో కట్టి తోస్తారు. తల గొట్టం అడుగున మడ్డిలో రాసుకుపోకుండా దాని మెడకు స్పాంజి ముక్క తొడిగితే కటకం కాస్త పైకి లేస్తుంది.

తెర మీద మొదట కనిపించేవి గొట్టం గోడలు, అడుగున సన్నటి నీటి చార. తీగ తిరిగితే బొమ్మా తిరుగుతుంది. అప్పుడు ఏది కిందో చెప్పేది ఆ నీటి చారే. కీలు దగ్గర గోడ మీద నల్లటి గుండ్రటి గీత పడుతుంది. ఆ గీత ఒకవైపు వెడల్పుగా ఉంటే కీలు జారినట్టు. అక్కడి నుంచి వేలాడే గోధుమరంగు నూలుపోగులు వేళ్లు. తెల్లగా, గరుకుగా అడుగున అంటుకున్న గడ్డ చాలాసార్లు టైల్స్ వేసేటప్పుడు జారిన సిమెంటు పాలు. వంటింటి లైనులో గోడల చుట్టూ పేరుకున్న పసుపు పొర నూనె జిడ్డు. నీటిమట్టం మెల్లగా పెరిగి కటకం మునిగి, కొంత దూరం పోయాక మళ్లీ తేలితే, అది కుంగిన భాగం. జిడ్డుకు వేడినీళ్లు, జెట్టింగ్ చాలు; వేళ్లకు స్ప్రింగ్ మెషిన్ కావాలి; కుంగిన గొట్టానికి తవ్వకం తప్పదు. మూడింటికీ పైన కనిపించే లక్షణం ఒకటే: నీళ్లు దిగకపోవడం.

చోటు గుర్తించడానికి తీగ మీద మీటరుకో టేపు చుట్టుకుంటారు. లోపం కనిపించినప్పుడు ఛాంబర్ అంచు దగ్గర ఉన్న గుర్తు చూసి, తీగను బయటికి లాగి, గొట్టం సాగిన దారిలోనే నేల మీద పరిస్తే పగలగొట్టవలసిన చోటు దొరుకుతుంది. గొట్టం మలుపులు తిరిగితే ఈ లెక్క తప్పుతుంది. వృత్తి కెమెరాల్లో తల నుంచి 512 హెర్ట్జ్ సంకేతం వెలువడుతుంది, నేల మీద రిసీవర్‌తో దాన్ని పట్టుకుంటారు. చవక కెమెరాల్లో ఆ ఏర్పాటు ఉండదు.

మిగతా పరిమితులూ నిర్మాణంలోనే ఉన్నాయి. ఈ కటకాల్లో చాలావాటికి 3 నుంచి 8 సెంటీమీటర్ల దూరంలోని వస్తువే స్పష్టంగా కనిపిస్తుంది. 110 మిల్లీమీటర్ల గొట్టం మధ్యలో తల ఉంటే గోడ ఐదున్నర సెంటీమీటర్ల దూరాన ఉంటుంది కాబట్టి బొమ్మ బాగుంటుంది. 160 మిల్లీమీటర్ల గొట్టంలో అంచు దూరానికి చేరుతుంది. వీధి లైనులో ఈ చిన్న దీపాల వెలుగు గోడలకు చాలదు. యూఎస్‌బీ 2.0 తీగకు ప్రమాణం ప్రకారం పొడవు 5 మీటర్లే, అందుకే 10 మీటర్ల తీగల్లో బొమ్మ ఆగి ఆగి రావచ్చు. ఐపీ67 అన్న ముద్రకు అర్థం మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకోవడం. రాత్రంతా సెప్టిక్ ట్యాంకులో వదిలేయడానికి అది హామీ కాదు. తెరిచిన ట్యాంకు మీదికి తల వంచి చూడటం కెమెరా ఉన్నా ప్రమాదమే. పని ముగిశాక తీగ మొత్తాన్ని సబ్బునీళ్లతో కడగాలి.

పాత లోపాలు వెతకడంతో పాటు కొత్త ఇంటికీ దీన్ని వాడవచ్చు. టైల్స్ పరిచే ముందు ప్రతి గొట్టంలోకి కెమెరా తోసి, మీటరు గుర్తులతో సహా వీడియో తీసి పెట్టుకుంటే, మేస్త్రీ ఊరు మారినా గొట్టం దారి ఇంటివారి దగ్గర ఉంటుంది. సిమెంటు గడ్డ, కుంగుడు అప్పుడే బయటపడితే సరిచేయడం తేలిక. కాలనీలోకి వీధి లైను వచ్చి, సెప్టిక్ ట్యాంకు నుంచి దానికి కనెక్షన్ మార్చవలసిన రోజున ఎక్కడ తవ్వాలో, పాత గొట్టం పనికొస్తుందో లేదో తేల్చేది కూడా ఆ వీడియోనే.