మిరపకాయ రాకముందు మన కారం

తద్దినం నాడు వంటింట్లోకి మిరపకాయ రాదు. కోస్తాలో చాలా బ్రాహ్మణ ఇళ్లలో ఈ నియమం ఇప్పటికీ నడుస్తోంది. పచ్చిదీ పనికిరాదు, ఎండుదీ పనికిరాదు. బంగాళాదుంప, టమాటా, క్యాబేజీ ఆ ఛాయలకే రాకూడదు. అరటికాయ, కంద, చేమ, కాకర, పెసరపప్పు, నువ్వులు, మినప గారెలు... ఆ పూట సరుకంతా ఇంతే. కారానికి మిరియాలు దంచుతారు. ఎందుకని అడిగితే మా నాయనమ్మ ఒకటే మాట అనేది: "పితృదేవతలకి కారం పడదురా." మరి మిరియం కారం కాదా? చెంచాడు మిరియాల పొడి పడ్డ చారు తాగినవాళ్లెవరూ ఆ జవాబుతో సరిపెట్టుకోలేరు.

కాబట్టి పడనిది కారం కాదు, మిరపకాయ. అసలు చిక్కు అక్కడుంది. గుంటూరు, ఖమ్మం, వరంగల్ మిర్చి యార్డులున్న నేల ఇది. గొడ్డుకారం, ఉప్పు, నూనె చుక్క ఉంటే అన్నం తినేసే జనం మనం. అలాంటి చోట, ఇంటి పెద్దల పేరున వేసే విస్తరిలోనే మిరపకు చోటు లేకపోవడమేమిటి?

మొదటి ఆధారం మొక్క పుట్టిల్లు. మిరప మెక్సికో మొక్క. 1492లో కొలంబస్ అట్లాంటిక్ దాటాకే ఈవలి ప్రపంచానికి దాని సంగతి తెలిసింది. వాస్కో డ గామా కోళికోడ్ తీరం చేరింది 1498లో, పోర్చుగీసులు గోవాను పట్టుకున్నది 1510లో. బంగాళాదుంప, టమాటా కూడా అమెరికా ఖండం నుంచి వచ్చినవే. క్యాబేజీ యూరప్‌ది. తద్దినానికి పనికిరాని కూరల్లో ఈ పరదేశీ జట్టు స్పష్టంగా కనిపిస్తుంది.

అయితే అక్కడితో కేసు మూసెయ్యడానికి లేదు. ఉల్లి, వెల్లుల్లి కూడా ఆ రోజు నిషిద్ధమే. చాలా ఇళ్లలో మునక్కాడా వండరు. ఇవేవీ ఓడ దిగి వచ్చినవి కావు. అంటే నిషేధాలు రెండు రకాలన్నమాట. ఉల్లి, వెల్లుల్లి తెలిసి కాదన్నవి, ధర్మశాస్త్రాలు పేరు పెట్టి మరీ వద్దన్నవి. మిరపకాయ సంగతి వేరు. నియమాలు రాసినవాళ్లకు అదేమిటో తెలియదు. తెలియనిదాన్ని వద్దనే పనీ లేదు, రమ్మనే పనీ లేదు. వంట చేసేవాళ్లు మాత్రం పాత జాబితా దాటకుండా వండుతూ వచ్చారు. ఇది నిజమైతే తద్దినం భోజనమంటే, మిరప రాకముందు తెలుగింటి భోజనమే కావాలి. ఆ మాటకు సాక్ష్యం కావాలంటే కవుల దగ్గరికి వెళ్లాలి. మన కవులు భోజనం దగ్గర మొహమాటపడే రకం కాదు.

ముందు శ్రీనాథుడు. పల్నాడు వెళ్లి అక్కడి తిండికి విసిగిపోయి చెప్పాడంటూ ఆయన పేరున ఒక చాటువు ప్రచారంలో ఉంది. పూతన పాలలోని విషం తాగాననీ, కార్చిచ్చు మింగాననీ గొప్పలు పోతున్న కృష్ణుడికి అందులో ఒక సవాలు: చింతచిగురు వేసి ఉడికించిన బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద మింగు, నీ పస చూస్తాను! ఎంత వేళాకోళమో అంత విలువైన సాక్ష్యం. మింగడానికి కష్టమైనదేదో వెతికి వెతికి తెచ్చిన కవికి పల్నాట్లో దొరికింది జొన్నన్నం, పులుపు. కార్చిచ్చు మింగినవాణ్ని సవాలు చేస్తూ కూడా పల్నాటి కారం మాట ఎత్తలేదు. ఇవాళ అదే పల్నాడు మిరప చేలతో ఎర్రబారే సీమ. ఆ చేలే అప్పుడుంటే శ్రీనాథుడు వదిలేవాడా? నేను నమ్మను.

తర్వాత కృష్ణదేవరాయలు. ఆయన ఏలుబడి 1509 నుంచి 1529 దాకా, అంటే పోర్చుగీసులు గోవాలో కాలూనుకున్న రోజులే. ఆముక్తమాల్యదలో శ్రీవిల్లిపుత్తూరు విష్ణుచిత్తుడు అతిథులకు ఏ కాలానికి ఏం పెట్టేవాడో ఆయన పూస గుచ్చినట్టు చెప్పాడు. వానాకాలం వరుగులు, వడియాలు, పెరుగు. ఎండాకాలం తియ్యని చారులు, అంబళ్లు, చెరకుపాలు. మనకు కావలసింది చలికాలం విస్తరి. కొత్తబియ్యపు అన్నం, మిరియాల పొడి పట్టించిన వేడివేడి కూరలు, ముక్కుకెక్కే ఆవపచ్చళ్లు. ఒంట్లో వేడి పుట్టించాల్సిన రోజుల్లో కూడా రాయల వంటింట్లో మిరపకాయ లేదు. మొక్క తీరానికి చేరే కాలమే, వంటింటి గడప మాత్రం ఇంకా తొక్కలేదు.

ఆ ముక్కు దగ్గర కాస్త ఆగాలి. మిరపకాయ మంట నాలుక మీద, మిరియం మంట గొంతులో. ముక్కులోంచి నడినెత్తికి పోయేది ఆవఘాటు ఒక్కటే. ఎందుకో పనసపొట్టు కూరకు ఆవ పెట్టేవాళ్ల చేతులు చూస్తే తెలుస్తుంది. నానబెట్టిన ఆవాలను రోట్లో వేసి, తడి తగలనిస్తూ మెత్తగా నూరతారు. మొదట వాసనే ఉండదు. గింజ నలిగి, లోపల విడివిడిగా ఉన్న రెండు పదార్థాలు నీటిలో కలిశాక ఘాటు పుడుతుంది, నూరేవాళ్ల కళ్లు చెమరుస్తాయి. ఆ ఘాటు గాలిలోకి లేచే నూనె కాబట్టే తిన్నప్పుడు నేరుగా ముక్కుకెక్కుతుంది. ముద్దను ఉడుకుతున్న కూరలో కలిపితే ఘాటు పుట్టించే ఎంజైము చస్తుంది, కూర చేదెక్కుతుంది. అందుకే కూర దించి, వేడి తగ్గాక కలుపుతారు. ఆ పద్యంలోని ముక్కు కవి అలంకారం కోసం తెచ్చిపెట్టింది కాదు, తిన్నవాడి ముక్కు.

మూడో సాక్ష్యం రాతి మీద ఉంది. తిరుమల శాసనాల్లో 15, 16 శతాబ్దాల నాటి నైవేద్యాలకు దాతలు కట్టిన సరుకుల పట్టీలున్నాయి. బియ్యం, నెయ్యి, పెసరపప్పు, ఉప్పు, మిరియాలు, పెరుగు, బెల్లం. కారం పద్దు కింద మిరియాలే. నేటి తిరుమల వడలోనూ పంటికి తగిలేది మిరియం పలుకే.

ఇక్కడ ఒక అడ్డుప్రశ్న రావాలి. తిరుమల లడ్డూలో జీడిపప్పు ఉంటుంది కదా, అదీ పోర్చుగీసులు బ్రెజిల్ నుంచి తెచ్చిందే కదా? నిజమే. కొత్తదన్న ఒక్క కారణంతో గెంటేస్తే జీడిపప్పూ బయటే ఉండాలి. నాకు తోచే జవాబు ఒకటుంది. జీడిపప్పు వచ్చేసరికి దాని పీట ఖాళీగా ఉంది. మిరపకాయ వచ్చేసరికి కారం పీట మీద అప్పటికే మిరియం కూర్చుని ఉంది. నియమం గట్టిగా ఉన్న చోట మిరియాన్ని ఎవరూ లేపలేకపోయారు. దేవుడి ప్రసాదం, పెద్దల తద్దినం, బాలింత పథ్యం, జ్వరం వచ్చినవాడి చారు అలాంటి చోట్లు. ఉగాది పచ్చడిలో తగువు ఇంకా తేలనే లేదు. కొన్ని ఇళ్లలో మిరియాల పొడి, కొన్ని ఇళ్లలో పచ్చిమిరప ముక్కలు.

రోజువారీ వంటలో మిరియం ఎందుకు ఓడిందో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. అది మలబారు కొండల్లో, ఎడతెగని వానల్లో, చెట్లకు పాకే తీగ. మన మెట్టచేలలో పండదు, కాసు పెట్టి కొనుక్కోవాలి. మిరప అలా కాదు. ఒక్క ఎండుకాయ చిదిపితే బోలెడు గింజలు, పెరట్లో చల్లితే ఆ ఏడే కాపు. ఎండబెట్టి కుండలో పోసుకుంటే ఏడాది పొడుగునా కారానికి లోటుండదు. కాసు లేనివాడి కూటికి కారం దొరికింది దానివల్లే. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువులో మిరపకాయ అప్పటికే ఇంటి వస్తువు.

మధ్యలో జరిగిన మార్పుకు వేమన పద్యం ఒకటి వేలిముద్రలా మిగిలింది. చూడ్డానికి నల్లగా ఉండి, కొరికితే చురుక్కుమనే గింజతో ఆయన మంచివాళ్ల లోపలి సారాన్ని పోల్చాడు. చాలా పుస్తకాల్లో అది 'మిరపగింజ' అనే అచ్చయింది. మిరపగింజ నల్లగా ఎక్కడుంటుంది? పాలిపోయిన పసుపు రంగులో ఉంటుంది. నల్లనిది మిరియం. చెప్పినవాడి మనసులో మిరియం ఉంది, పద్యం మన చేతికి వచ్చేసరికి మిరప అయింది. బళ్లో వల్లెవేసిన పిల్లలెవరికీ ఆ రంగు మీద అనుమానం రాలేదు, వంటింట్లో మిరియాల డబ్బా ఎప్పుడో వెనక్కి పోయింది మరి.

ఇక మిగిలింది ఆవకాయ. మిరియాన్ని పక్కకు నెట్టిన మిరపకాయ ఇక్కడ ఆవను నెట్టలేకపోయింది, దాని పక్కన సర్దుకుంది. జాడీలో రెండూ ఉన్నా ఏది పాతకాపో తేల్చడం కష్టం కాదు. కారం ఓ గిద్దెడు తగ్గిస్తే ఆవకాయ రంగు తగ్గిందంటారు, పిల్లల కోసం కలిపారనుకుంటారు, వేలెత్తి చూపేవాళ్లుండరు. ఆవపిండి వెయ్యడం మరిచిపోతే మాత్రం మూడో రోజు జాడీ మూత తియ్యగానే ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. అది ఆవకాయ కాదు, నూనెలో మామిడికాయ కారం.