వెల్డింగ్ మిషను కొనే ముందు కొంచెం చరిత్ర

మన సాఫ్ట్‌వేర్ జనాల్లో ఈమధ్య ఒక కొత్త సరదా కనబడుతోంది. ఇంటి దగ్గరే ఓ రేకుల షెడ్డు వేసుకుని, చిన్న వెల్డింగ్ మిషను, గ్రైండరు, డ్రిల్లు కొనుక్కుని, శని ఆదివారాలు ఏదో ఒకటి తయారుచెయ్యడం. మంచిదే. రోజంతా చేతికి తగలని పని చేసేవాడికి ఒక గేటో, కుర్చీయో సొంతంగా అతికిస్తే వచ్చే తృప్తి వేరు. నాకూ ఆ పిచ్చి ఉంది.

అయితే ఈ మాట వచ్చినప్పుడల్లా కథ అమెరికాలోనే మొదలవుతుంది. 1939లో పాలో ఆల్టోలో హ్యూలెట్, పాకార్డ్ ఇద్దరూ 538 డాలర్లు పెట్టి ఒక గరాజులో కంపెనీ మొదలెట్టారు, మనకి ఆ గరాజులు లేవు, అందుకే మన దగ్గర ఏదీ పుట్టదు అంటారు. నా మటుకు నాకు ఇది సగమే నిజం అనిపిస్తుంది. మా నల్గొండ, పాలమూరు ఊళ్ళల్లో గరాజు లేదు, నిజమే. కొలిమి ఉండేది కదా!

కమ్మరి కొలిమి అంటే ఊరుమ్మడి పనిశాల. తిత్తులు, దాగలి, సమ్మెట, పట్టుకారు.. ఇవీ సామాను. నాగటి కర్రు మొన పోయినా, కొడవలి అరిగినా, ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించాలన్నా అక్కడికే. ప్రతి పనికీ డబ్బులు లెక్కగట్టడం ఉండేది కాదు, పంట ఇంటికొచ్చాక గింజలు కొలిచిచ్చేవాళ్ళు. చక్రానికి పట్టా వెయ్యడంలోని ఇంజనీరింగు చూడండి. పట్టాని చక్రం కన్నా కొంచెం చిన్నగా చేస్తారు. ఎర్రగా కాలిస్తే వ్యాకోచించి చక్రం మీదికి దిగుతుంది, నీళ్ళు పోస్తే బిగుసుకుంటుంది. మనం దీన్ని ఇంజనీరింగులో ష్రింక్ ఫిట్ అని చదువుకుని మార్కులు తెచ్చుకున్నాం.

ఆ పట్టా రెండు కొసలు కలిపేది కూడా వెల్డింగే. రెండు కొసల్నీ తెల్లగా మెరిసేదాకా కాల్చి, ఇసుకో వెలిగారమో చల్లి, దాగలి మీద పెట్టి సమ్మెటతో కొడితే ఒకటైపోతాయి. ఇనుము 1538 డిగ్రీల దగ్గర గానీ కరగదు. కొలిమి అతుకుకి అంత వేడి అక్కర్లేదు, మెత్తబడితే చాలు. మరి ఇసుక ఎందుకు? కాలిన ఇనుము మీద పొక్కులా లేచే ఆక్సైడుని కరిగించి పక్కకి తోసెయ్యడానికి. అది పోతేనే లోహం లోహాన్ని పట్టుకుంటుంది.

ఇప్పుడు మన వెల్డింగ్ రాడ్డుకి వద్దాం. రష్యా సామ్రాజ్యంలో బెనార్దోస్ అనే ఆయన, ఓల్షెవ్‌స్కీతో కలిసి, 1880ల్లో కార్బన్ కడ్డీతో విద్యుత్ ఆర్క్ పుట్టించి లోహాన్ని కరిగించి అతికించాడు. 1887లో వాళ్ళకి అమెరికా పేటెంటు కూడా వచ్చింది. కానీ అతుకులు పెళుసుగా వచ్చేవి, కరిగిన ఇనుములోకి గాలి చేరేది. స్వీడన్‌లో 1904లో ఎసాబ్ కంపెనీ పెట్టిన ఆస్కార్ షెల్‌బెర్గ్ కడ్డీ మీద ఒక పూత వేసి దానికి విరుగుడు కనిపెట్టాడు. ఆ పూత కాలి పొగయి గాలిని దూరంగా ఉంచుతుంది, కరిగి ఆక్సైడుని పైకి తేలుస్తుంది. ఇవాళ మనం సుత్తితో టకటకా కొట్టి రాల్చే చిట్టెం అదే. అంటే మన కమ్మరాయన చల్లిన ఇసుక పనిలో సగం, ఆ రాడ్డు పూత చేస్తోందన్నమాట.

మరి కొలిమి పక్కనే వెల్డింగ్ మిషను ఎందుకు రాలేదు? కరెంటు వల్ల. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు ఏర్పడింది, 1969లో గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్ వచ్చింది. పల్లెలకి తీగ లాగడం వెనక పెద్ద లక్ష్యం వ్యవసాయపు మోటార్లు. పాత తరం ఆయిల్ నింపిన వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మర్లు మామూలుగా రెండు ఫేజుల మధ్య 415 వోల్టుల మీద నడిచేవి. ఇద్దరు మనుషులు కూడా ఎత్తలేనంత బరువు. ఇంట్లో ఉండేదేమో సింగిల్ ఫేజు. కాబట్టి మిషను మండల కేంద్రానికో, రోడ్డు మీది సెంటరుకో చేరింది. త్రీ ఫేజు ఎప్పుడొస్తే అప్పుడే పని. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద ట్రాక్టర్ల కేజ్ వీల్స్, పాలమూరు మెట్టల్లో బోరు సామాన్లు, ట్రాలీలు, కల్టివేటర్లు.. అన్నీ ఆ షాపుకే. నాగలి పోయి ట్రాక్టరు వచ్చాక కొలిమికి పని తగ్గిపోయింది. కొంతమంది కమ్మరి పిల్లలు వెల్డింగ్ షాపులు పెట్టుకున్నారు, చాలామంది పట్నం పోయారు. వ్యవసాయానికి 24 గంటల కరెంటు తెలంగాణ అంతటా ఇవ్వడం మొదలైంది 2018 జనవరి 1న. అప్పటికి చాలా ఊళ్ళల్లో కొలిమి చల్లారిపోయింది.

ఊళ్ళో పనిశాల లేకుండా పోవడం ఎంత నష్టమో తెలియాలంటే ఆలేరు దగ్గరి శారాజీపేట చూడాలి. అప్పట్లో నల్గొండ జిల్లా, 2016 విభజన తర్వాత యాదాద్రి భువనగిరి జిల్లా. అక్కడి నేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం గారి కథ మీలో చాలామందికి 2019లో వచ్చిన సినిమా ద్వారా తెలిసే ఉంటుంది. పోచంపల్లి తరహా చీరకి రంగులద్దే ముందు నూలుని అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ ఆసు పోయాలి. ఒక చీరకి చెయ్యి సుమారు 9000 సార్లు అటూ ఇటూ తిరగాలి. రోజుకి రెండు చీరలంటే 18000 సార్లు. ఆయన తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక, చిన్నప్పుడే బడి మానేసిన ఆయన 1992లో ఆసు యంత్రం మొదలుపెట్టారు. పూర్తయింది 1999లో.

ఏడేళ్ళు! తెలివి తక్కువై కాదు. ఒక్కో భాగం డబ్బులు దొరికినప్పుడల్లా చేయించుకోవాలి. అప్పులయ్యాయి, ఎగతాళి చేసినవాళ్ళున్నారు. చివరికి 1997లో హైదరాబాద్ వచ్చి కరెంటు పనుల్లో దినకూలీగా చేరి, ఆ కూలితోనే మళ్ళీ సామాను కొన్నారు. ఒకసారి పని మీద బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీకి వెళ్తే, అక్కడ నడుస్తున్న ఒక యంత్రం కదలికలో తన చిక్కుముడికి జవాబు కనబడింది. అదే బాలానగర్‌లో 1968 నుంచి కేంద్ర ప్రభుత్వపు టూల్ డిజైన్ సంస్థ ఉంది. ఆయనకి ఆ జవాబు మాత్రం కూలికెళ్ళిన చోట, దారినపోతూ దొరికింది. యంత్రానికి అమ్మ పేరు పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. చేత్తో నాలుగైదు గంటలు పట్టే పని గంటన్నరకి వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు.

పద్మశ్రీ సంగతి సరే. కావలసిన ముక్కని ఆ రోజే కోసి, అతికించి, తప్పయితే మర్నాడు మళ్ళీ అతికించుకునే షెడ్డు ఒకటి నడిచిపోయే దూరంలో ఉంటే ఆ ఏడేళ్ళల్లో ఎన్ని తగ్గేవి? కోడ్ రాసేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. కంపైల్ చేసిన ప్రతిసారీ నెల జీతం కట్టి, పదిహేను రోజులు ఆగాలంటే మనలో ఎంతమంది మిగులుతాం :)

2023 మార్చిలో రాయదుర్గంలో టీ-వర్క్స్ తెరిచారు, పెద్ద ప్రోటోటైపింగ్ కేంద్రం. సంతోషమే. కానీ భుజం నొప్పి శారాజీపేటలో ఉంది, మిషన్లు రాయదుర్గంలో ఉన్నాయి. కొలిమి గొప్పదనం అది ఊళ్ళో ఉండడమే. విరిగిన కర్రు, దాన్ని విరగ్గొట్టుకున్న రైతు, బాగుచేసే మనిషి, ముగ్గురూ ఒకచోటే.

ఇప్పుడు మిషను అడ్డంకి కాదు. ఇన్వర్టర్ వెల్డింగ్ మిషను అంటే మన కంప్యూటర్లోని పవర్ సప్లైకి పెద్దన్న. 50 హెర్ట్జ్ కరెంటుని డీసీ చేసి, సెకనుకి వేలసార్లు స్విచ్ చేస్తే ట్రాన్స్‌ఫార్మరు చిన్నదైపోతుంది. క్వింటాలు బరువు అయిదారు కిలోలకి దిగింది. ఇంటి సింగిల్ ఫేజు మీదే నడుస్తుంది. కాకపోతే 100 ఆంపియర్లతో అతికిస్తే ఆర్క్ దగ్గరే రెండున్నర కిలోవాట్లు, గోడ దగ్గర లాగేది ఇంకా ఎక్కువ. మామూలు ప్లగ్గులో పెట్టకండి, విడిగా మందపాటి వైరు, ఎంసీబీ, ఎర్తింగు వేయించండి. చీకటి అద్దం లేకుండా ఆర్క్ చూస్తే రాత్రికి కళ్ళల్లో ఇసుక పోసినట్టుంటుంది. జీఐ పైపు మీది జింకు పొగ పీల్చొద్దు, జ్వరమొస్తుంది.

నేను చెప్పేదల్లా ఒకటే. ఆ షెడ్డు గచ్చిబౌలి విల్లా వెనక కన్నా ఊళ్ళో ఇంటి వెనక వెయ్యండి. ఎలాగూ పండక్కి, పెళ్ళిళ్ళకి వెళ్తూనే ఉంటాం. సెంటర్లో వెల్డింగ్ షాపు నడిపే అన్న దగ్గర నాలుగు రోజులు కూర్చుని నేర్చుకోండి, మనం లేని రోజుల్లో తాళం చెవి ఆయన దగ్గరో, ఐటీఐ చదివిన కుర్రాడి దగ్గరో పెట్టండి. అప్పుడది ఆదివారం సరదాగా ఆగిపోకుండా, మళ్ళీ ఊరుమ్మడి కొలిమి అవుతుంది.

మరి మీ షెడ్డు ఎక్కడ వేస్తున్నారు?